పని చేసినవారు, రాసినవారు

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్ళకి కొన్ని కాగితాలు ఇచ్చాను. చూసి వెనక్కి పంపండి. అవి అందరికీ చేరేలోపు అందులో ఏముందో చెప్తాను.

అది 1955 మే నెలలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక నివేదిక మొదటి పేజీ. నివేదిక నంబరు ఎల్‌ఏ-1940. పేజీ మీద పేర్లు రెండు జాబితాలుగా ఉన్నాయి, గమనించండి. 'పని చేసినవారు' అన్నచోట నాలుగు పేర్లు: ఫెర్మి, పాస్తా, ఉలామ్, త్సింగూ. 'నివేదిక రాసినవారు' అన్నచోట మూడే పేర్లు: ఫెర్మి, పాస్తా, ఉలామ్. నాలుగో పేరు రెండో జాబితాకి వచ్చేసరికి లేదు. మళ్ళీ లోపల ఒక ఫుట్‌నోట్‌లో కనిపిస్తుంది. లెక్కలకి చక్కగా కోడ్ రాసి, మానియాక్ కంప్యూటర్ మీద నడిపినందుకు మిస్ మేరీ త్సింగూకి ధన్యవాదాలు అని.

ఇంతకీ ఆ పని ఏమిటి? స్ప్రింగులతో ఒకదానికొకటి కలిపిన బరువుల వరస ఊహించుకోండి. దాన్ని ఒక తీరులో ఊపి వదిలితే, ఆ శక్తి కాసేపటికి రకరకాల ఊపుల్లోకి చెదిరిపోయి అంతటా సర్దుకుంటుందని భౌతికశాస్త్రవేత్తల అంచనా. స్ప్రింగుల్లో కాస్త వంకర పెట్టి, అంటే బలం సాగుదలకి సరిగ్గా అనుపాతంలో లేకుండా చేసి, కంప్యూటర్ మీద నడిపి చూశారు. శక్తి చెదిరిపోలేదు. కొంచెం అటూ ఇటూ తిరిగి, దాదాపు మొదటి తీరుకే వచ్చేసింది. ఎవరూ ఊహించని ఫలితం అది. తర్వాత సాలిటాన్ల మీద, అంటే ఆకారం చెదరకుండా సాగే ఒంటరి అలల మీద, కేయాస్ మీద, అంటే మొదట్లో చిన్న తేడా ఉన్నా చివరికి పెద్ద తేడాగా మారే కదలికల మీద జరిగిన పనిలో చాలా భాగానికి మూలం అక్కడుంది. కంప్యూటర్‌నే ప్రయోగశాలగా వాడుకున్న తొలి ప్రయోగాల్లో అది ఒకటి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కంప్యూటరే ప్రయోగశాల అయినప్పుడు, ఆ ప్రయోగం చేసిందెవరు? కోడ్ రాసి, నడిపి, తప్పులు పట్టి, మళ్ళీ నడిపినావిడ. ఇవాళ ఎవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ తెచ్చుకుని నాలుగు లైన్లు రాసినట్టు కాదు. 1950ల మొదట్లో కోడ్ రాయడమంటే యంత్రం ఏ అడుగులో ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ మనమే చెప్పడం. అయినా ఆ సమస్యకి పడ్డ పేరు ఫెర్మి-పాస్తా-ఉలామ్ సమస్య. 50 ఏళ్ళకి పైగా అదే పేరు. 2008లో తియెరీ డోషువా అనే ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త ఫిజిక్స్ టుడే పత్రికలో ఈ ఫుట్‌నోట్ సంగతి బయటికి తీసి రాశాక, నాలుగో పేరు కూడా కలిపి రాయడం మొదలైంది.

తెలుగులో మనకి రెండు మంచి మాటలున్నాయి. రచయిత అంటే రాసినవాడు. కర్త అంటే చేసినవాడు. పుస్తకం రాసినాయన్ని గ్రంథకర్త అన్నప్పుడు రెండూ ఒక్కటైపోతాయి, ఎందుకంటే పుస్తకం విషయంలో చెయ్యడమంటేనే రాయడం. పరిశోధన పేపర్‌లో అలా కాదు. చేసేవాళ్ళు చాలామంది, రాసేవాళ్ళు కొందరు. పైన వేసే పేర్ల జాబితా మాత్రం ఒక్కటే. మీ చేతిలో ఉన్న పేజీ రెండు జాబితాలు వేసి ఆ తేడా నిజాయితీగా చెప్పింది. కానీ లోకం రెండో జాబితానే గుర్తుపెట్టుకుంది. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నదంతా ఆ రెండు జాబితాల మధ్య ఉన్న ఆ ఒక్క పేరు గురించే.

ఇప్పుడు మీమీ సబ్జెక్టుల్లోకి వద్దాం. ఈ హాల్లో గణితం వాళ్ళు ఉన్నారు, బయాలజీ వాళ్ళు ఉన్నారు, చరిత్ర వాళ్ళు ఉన్నారు. ఒకే పేర్ల వరస చూసి మీరు ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు.

గణితంలో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. ముందున్న పేరుకి ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. థియరీ వైపు కంప్యూటర్ సైన్సులోనూ అంతే. అదే కంప్యూటర్ సైన్సులో మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్తే ఎక్కువ పని చేసినవాళ్ళ పేరు ముందు. ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే కారిడార్, రెండు పద్ధతులు. బయాలజీలో, వైద్యంలో ఫస్ట్ ఆథర్ అంటే బల్ల దగ్గర నిలబడి ప్రయోగం చేసినవాళ్ళు. లాస్ట్ ఆథర్ అంటే ల్యాబ్ నడిపేవాళ్ళు. మధ్యలో ఉన్నవాళ్ళ గురించి ఆ వరస ఏమీ చెప్పదు. మూడో పేరుకీ ఆరో పేరుకీ తేడా ఏమిటో ఆ పేపర్ రాసినవాళ్ళకే తెలియాలి, ఒక్కోసారి వాళ్ళకీ తెలియదు. చరిత్ర, సాహిత్యం లాంటి చోట్ల ఇప్పటికీ ఎక్కువగా ఒక్క పేరే. తోడు నిలిచినవాళ్ళంతా ముందుమాటలో ఉంటారు. టైపు చేసిన భార్యలు, ఆర్కైవ్‌లో కట్టలు వెతికి తెచ్చినవాళ్ళు, పాత లిపి చదివిపెట్టినవాళ్ళు. 2017లో కొందరు పాత పుస్తకాల ముందుమాటలు తీసి, 'టైపు చేసినందుకు నా భార్యకి ధన్యవాదాలు' అన్న వాక్యాల్ని వరసగా పెట్టి చూపించారు. అందులో కొందరు భార్యలు టైపు చెయ్యడమే కాదు, అనువాదం చేశారు, ఎడిట్ చేశారు, నోట్సు తీశారు. అదంతా 'టైపు' అన్న ఒక్క మాటలోకి వెళ్ళిపోయింది.

కణ భౌతికశాస్త్రం ఇంకో లోకం. 2015లో యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో పనిచేసే అట్లాస్, సీఎంఎస్ బృందాలు రెండూ కలిసి హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద ఒక పేపర్ వేశాయి. పేపర్ మొత్తం 33 పేజీలు. అసలు విషయం, రిఫరెన్సులతో కలిపి, 9 పేజీలు. మిగతా 24 పేజీలూ ఆథర్ల పేర్లు, వాళ్ళ సంస్థలు. మొత్తం 5,154 మంది. చాలామంది దీన్ని విచిత్రంగా చెప్పుకుంటారు. నాకు అందులో ఒక న్యాయం కనిపిస్తుంది. డిటెక్టర్ కట్టినవాళ్ళు లేకుండా ఆ కొలత లేదు అని ఆ బృందాలు తీర్మానించుకున్నాయి. అక్కడ త్సింగూ ఉండి ఉంటే ఆవిడ పేరు తప్పకుండా ఉండేది. కానీ 5,154 పేర్లలో ఆవిడ ఏం చేసిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. పేరు ఉండటం ఒక సమస్యని తీరుస్తుంది, రెండో సమస్యని అలాగే వదిలేస్తుంది.

అక్షర క్రమం న్యాయమైనదే కదా అనిపిస్తుంది. ఆర్థికశాస్త్రంలో కూడా అదే పద్ధతి. 2006లో లిరాన్ ఐనావ్, లీయట్ యారివ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని పెద్ద డిపార్ట్‌మెంట్ల అధ్యాపకుల వివరాలు తీసి చూశారు. ఇంటిపేరు అక్షరమాలలో ముందున్నవాళ్ళకి పేరున్న డిపార్ట్‌మెంట్లలో పర్మనెంట్ ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువగా ఉంది. ఇదే లెక్క సైకాలజీలో వేస్తే ఆ తేడా లేదు, ఎందుకంటే అక్కడ పేర్లు అక్షర క్రమంలో వెయ్యరు. దీని మీద 2018లో దేబ్‌రాజ్ రే, ఆర్థర్ రాబ్సన్ ఒక దారి చెప్పారు. లాటరీ వేసి పేర్ల క్రమం తేల్చండి, లాటరీ అని తెలిసేలా పేర్ల మధ్య ఒక గుర్తు పెట్టండి, సున్నాలో ఆర్ అక్షరం. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ జర్నళ్ళు ఈ పద్ధతిని ఒప్పుకున్నాయి.

అక్షరం ఇంత పని ఎలా చేస్తుంది? అందులో పెద్ద భాగం 'తదితరులు' అన్న మాటది. ఇంగ్లీషు పేపర్లలో 'ఎట్ ఆల్' అంటారు. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రకారం ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే, వాక్యం మధ్యలో మొదటి పేరు రాసి తదితరులు అనేస్తాం. అంటే రెండో మనిషి అక్కడే మాయం. వంద పేపర్లలో ఆ పని గురించి చదివిన విద్యార్థికి వందసార్లూ మొదటి పేరే కనిపిస్తుంది. రిఫరెన్సుల్లో పూర్తి జాబితా ఉంది కదా అనొచ్చు. రిఫరెన్సులు తిప్పి పేర్లన్నీ చదివేవాళ్ళు ఎంతమంది? మీరు కిందటి వారం చదివిన పేపర్‌లో రెండో ఆథర్ ఎవరో ఇప్పుడు చెప్పగలరా? నేనైతే చెప్పలేను.

సరే, అసలు ఆథర్ అనిపించుకోడానికి అర్హత ఏమిటి? వైద్య జర్నళ్ళ ఎడిటర్లు దీని మీద ఎక్కువ ఆలోచించారు. 1978లో వాంకూవర్‌లో కలిసిన చిన్న బృందం తర్వాత అంతర్జాతీయ కమిటీ అయింది. ఐసీఎంజేఈ అంటారు. వాళ్ళ నియమాలు ఇప్పుడు నాలుగు. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. రాయడమో, విమర్శనాత్మకంగా దిద్దడమో చెయ్యాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. పేపర్ మీద ఏ ప్రశ్న వచ్చినా బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగోది 2013లో చేర్చారు. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి ఉంటే చాలదు. డబ్బు తెచ్చినందుకో, డిపార్ట్‌మెంట్ హెడ్ అయినందుకో పేరు వెయ్యకూడదు. గౌరవార్థం వేసే పేర్లని, మందుల కంపెనీ మనుషులు రాసిపెడితే పెద్ద డాక్టర్లు సంతకం పెట్టే పేపర్లని ఆపడానికి ఇది అవసరమే. పేరుకీ బాధ్యతకీ ముడి వెయ్యడం నాకు చాలా నచ్చుతుంది.

కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితం మళ్ళీ చూడండి. ఈ నాలుగు నియమాల ప్రకారం త్సింగూ ఆథర్ అవుతుందా? మొదటి నియమం దాటుతుంది. రెండో దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే రాసినవాళ్ళలో ఆవిడ లేదు. డ్రాఫ్ట్ ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించేవాళ్ళే ఆథర్ ఎవరో కూడా నిర్ణయిస్తున్నట్టు అవుతుంది. ఈ ప్రమాదం ఆ కమిటీకీ తెలుసు. అందుకే అదే పత్రంలో ఇంకో వాక్యం ఉంది: మొదటి నియమానికి సరిపోయిన ప్రతి ఒక్కరికీ డ్రాఫ్ట్ రాయడంలో, దిద్దడంలో, ఆమోదించడంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలి. నాలుగు నియమాలూ గోడల మీద పోస్టర్లుగా చూశాను. ఈ వాక్యం మాత్రం ఎక్కడా చూడలేదు.

ఈ వాక్యం నాకు ఎందుకింత ముఖ్యమో చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేనూ మరో ఇద్దరూ కలిసి ఒక సర్వే పేపర్ రాశాం. ఇంటర్వ్యూలు చేసింది ఒక ఫీల్డ్ అసిస్టెంట్. రెండొందలకు పైగా ఇంటర్వ్యూలు. మేం తయారుచేసిన ప్రశ్నాపత్రంలో ఏడో ప్రశ్న జనానికి మేం అనుకున్నట్టు అర్థం కావట్లేదని మొదటి వారంలోనే అతను కనిపెట్టాడు. ఫారం అంచున పెన్సిల్‌తో రాసి పంపాడు: "సార్, వీళ్ళు 'అప్పు' అంటే బ్యాంకుది మాత్రమే అనుకుంటున్నారు, తెలిసినవాళ్ళ దగ్గర తీసుకున్నది చెప్పట్లేదు." ప్రశ్న మార్చాం. పేపర్‌లో మేం గొప్పగా చెప్పుకున్న ఫలితం ఆ మారిన ప్రశ్న నుంచే వచ్చింది. పేపర్ రాసేటప్పుడు అతనికి డ్రాఫ్ట్ పంపాలన్న ఆలోచనే మాకు రాలేదు. చివర్లో 'డేటా సేకరణలో సహాయం చేసినందుకు ధన్యవాదాలు' అని రాశాం. మర్యాదగా రాశామనే అనుకున్నాం.

రెండేళ్ళ తర్వాత పీహెచ్‌డీకి అప్లై చేస్తూ నాకు ఫోన్ చేశాడు. "సార్, పబ్లికేషన్స్ అని కాలమ్ ఉంది. మన పేపర్ వెయ్యొచ్చా?" అని అడిగాడు. మన పేపర్ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత జర్నల్‌కి రాశాం, మిగతా ఇద్దరూ సంతకాలు పెట్టారు, సవరణ నోటు వేసి అతని పేరు చేర్చారు. దానికి ఏడాది దాటింది. అప్పటికి అతని అడ్మిషన్ గడువు అయిపోయింది. ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరుంది, అంచున పెన్సిల్ రాతతో సహా.

అప్పటి నుంచి 'సహాయం' అన్న మాట రాసే ముందు ఆగుతాను. ఆ మాట కింద ఏం దాగి ఉందో చూసుకుంటాను.

ఇలాంటిదే, బాగా పేరుమోసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. రాబర్ట్ మెర్టన్ అనే సమాజశాస్త్రవేత్త 1968లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కలిసి చేసిన పనిలో కూడా, అప్పటికే పేరున్నవాళ్ళకే ఇంకా పేరు వస్తుందని, చిన్నవాళ్ళు కనపడకుండా పోతారని అందులో చెప్పాడు. దానికి ఆధారం చాలావరకు హారియెట్ జకర్‌మన్ అనే పరిశోధకురాలు నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద మాత్రం ఒక్క మెర్టన్ పేరే ఉంది. 1973లో ఆ వ్యాసాన్ని పుస్తకంలో మళ్ళీ వేసినప్పుడు ఆయనే ఒక నోటు రాశాడు. ఆమె సామగ్రిని తాను ఎంతగా వాడుకున్నాడంటే, ఈ వ్యాసం ఇద్దరి పేరుతో రావాల్సింది, ఈ సంగతి తనకి ఆలస్యంగా తెలిసొచ్చింది అని. ఈ విషయం మీద ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఆలోచించిన మనిషికే రాసేటప్పుడు కనపడలేదు. కాబట్టి మనసు మంచిదైతే చాలు అనుకోకండి. మనసుని నమ్ముకోకుండా, కాగితం మీద పెట్టే పద్ధతి కావాలి.

అలాంటి పద్ధతి ఒకటి ఇప్పుడుంది. 2012లో వెల్కమ్ ట్రస్ట్, హార్వర్డ్ కలిసి పెట్టిన ఒక సమావేశంలో మొదలైంది. క్రెడిట్ అని పేరు. 2022లో అమెరికాలో అధికారిక ప్రమాణంగా కూడా వచ్చింది. ఇందులో 14 రకాల పనులున్నాయి: ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, డేటాని సర్ది భద్రపరచడం, లెక్కల విశ్లేషణ, ప్రయోగం చెయ్యడం, ఫలితాలు సరిచూడడం, బొమ్మలు గ్రాఫులు, మొదటి డ్రాఫ్ట్, దిద్దడం, పర్యవేక్షణ, నిధులు, ఇలా. ఒక్కో పేరు పక్కన అతను ఏ ఏ పనులు చేశాడో రాస్తారు. త్సింగూ పేరు పక్కన సాఫ్ట్‌వేర్, ప్రయోగం అని పడేది. మా అసిస్టెంట్ పేరు పక్కన పద్ధతి అని పడేది. ఆ ఒక్క మాటకి ఎంత విలువో ఆలోచించండి.

దీనితో అంతా అయిపోయిందని నేననను. ఈ జాబితా ల్యాబుల్ని చూసి తయారుచేసింది. చరిత్ర వాళ్ళకి పాత లిపి చదవడం, అనువాదం చెయ్యడం ఏ గడిలో పెట్టాలో తెలియదు. ఎవరు ఏం చేశారని రాసింది నిజమో కాదో ఎవరూ సరిచూడరు. గైడ్ పేరు పక్కన అన్నీ పడిపోయిన పేపర్లూ ఉన్నాయి. అసలు ఎవరు ఆథర్ అన్న ప్రశ్నకి క్రెడిట్ జవాబు చెప్పదు. పేర్లు తేలాకే దీని పని మొదలవుతుంది. పైగా ఇదంతా పేపర్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్ళు ఇంకా ఫస్ట్ ఆథర్ ఎన్ని అనే లెక్కపెడుతున్నారు. మీలో కొందరు రేపు ఆ కమిటీల్లో కూర్చుంటారు. అప్పుడు గణితం వాళ్ళ పేపర్ చూసి 'రెండో ఆథరే కదా' అనకండి. ఆ మాట అనడం నేను చెవులారా విన్నాను.

పేర్ల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. పేర్లు మారతాయి. చైనా, కొరియా, హంగరీ పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, డేటాబేస్ దాన్ని తిరగేస్తుంది. కొందరికి ఇంటిపేరే ఉండదు. పెళ్ళి తర్వాత పేరు మార్చుకునేవాళ్ళు ఉన్నారు. త్సింగూ 1958లో పెళ్ళి చేసుకుంది. 1972లో అదే స్ప్రింగుల సమస్య మీద జేమ్స్ టక్‌తో కలిసి పేపర్ వేసింది, ఈసారి ఆథర్‌గానే. దాని మీద ఉన్న పేరు ఎం.టి. మెంజెల్. 1955 ఫుట్‌నోట్‌లోని మిస్ త్సింగూ, 1972 నాటి మెంజెల్ ఒక్కరేనని చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇలాంటిచోట ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, పనికొస్తుంది. 2012 నుంచి ఉంది, 16 అంకెలు, పరిశోధకులకి ఉచితం. పేరు ఎలా మారినా నంబరు మారదు. తీసుకోనివాళ్ళు ఈ రాత్రికే తీసుకోండి, పది నిమిషాల పని.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, చాట్‌జీపీటీతో రాయించిన భాగం ఉంటే దాన్ని ఆథర్‌గా వెయ్యాలా?

వెయ్యకూడదు. 2023లో కొన్ని పేపర్లలో అలా వేశారు, వెంటనే పెద్ద జర్నళ్ళూ ఐసీఎంజేఈ కూడా కుదరదని చెప్పేశాయి. కారణం నాలుగో నియమమే. రేపు తప్పు దొరికితే అది వచ్చి జవాబు చెప్పదు, మీరే చెప్పాలి. వాడితే వాడామని, ఎక్కడ వాడామో రాయండి.

ప్రశ్న: నేను రెండో సంవత్సరం స్కాలర్‌ని. మా ల్యాబ్‌లో కోడ్ అంతా నేనే రాస్తున్నాను. పేపర్‌లో నా పేరు ఉంటుందో లేదో అడగాలంటేనే టెన్షన్. గైడ్‌తో ఈ మాట ఎలా ఎత్తాలి?

చాలా మంచి ప్రశ్న. 'నా పేరు ఉంటుందా' అని మొదలుపెట్టొద్దమ్మా. అది ఒక మనిషి ఇంకో మనిషిని దయ అడిగినట్టు ఉంటుంది. రాయడం మొదలవ్వకముందే ఒక మెయిల్ పెట్టు, టీమ్ అందరికీ. అందులో ఆ 14 పనులూ ఎడమపక్క రాసి, కుడిపక్క ఖాళీ వదిలెయ్. 'మేడం, జర్నల్ సబ్‌మిషన్ అప్పుడు ఈ ఫారం అడుగుతారు, ఇప్పుడే నింపుకుంటే తర్వాత సులువు, నాకు తెలిసినంత వరకు సాఫ్ట్‌వేర్ గడిలో నా పేరు రాశాను, మిగతావి మీరందరూ చూడండి' అని రాయి. ఇందులో అబద్ధం లేదు, చాలా జర్నళ్ళు నిజంగానే అడుగుతాయి. ఆ మెయిల్‌లోనే ఇంకో వాక్యం చేర్చు: 'డ్రాఫ్ట్ తయారయ్యాక నాకూ ఒక కాపీ పంపండి, మెథడ్స్ సెక్షన్ చదివి దిద్దుతాను.' ఆ వాక్యం మర్చిపోవద్దు. మీ ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉన్నారా? ఉన్నారా, సరే. ఆ మెయిల్ ఆయనకీ పెట్టు.